ఇందా డాక్టరు, నల్ల చాక్లెట్టు, నా ఖాకీ ప్యాంటు

నల్ల చాక్లెట్టు మితంగా తింటే గుండెకు మంచిదట, మనసుకు హుషారట. మొన్న పేపర్లో రాశారు. చదివి పేపరు విసిరికొట్టాను. ఎవరైనా పోయారేమోనని మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. ఎవరూ పోలేదు. నా పరువే పోయింది, అదీ పంతొమ్మిదివందల అరవైలలో, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, అందరి ఎదుటా. ఎలా పోయిందో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పటికి నేను పాలకొండ నుంచి వచ్చి, అక్కాబావల క్వార్టర్లో ఉంటూ, కొత్తగా ఖలాసీగా చేరాను. అంటే బరువులు మోసే పని. ట్రేడ్ టెస్టు నెగ్గితే ఫిట్టర్ని అవుతాను, పోతే మళ్లీ ఏడాది మోతే. పని నాకు బాగానే వచ్చు. కానీ పక్కన ఎవరైనా నిలబడి చూస్తే గుండె దడ, చేతిలో ఆకురాయి వణుకు. టెస్టులో పక్కన నిలబడి చూసేవాడు సాక్షాత్తూ ఫోర్‌మన్.

ఆ ఊళ్లోనే ఇందా అనే పేటలో ఉన్న బెంగాలీ డాక్టరుకు చూపించుకోమన్నాడు బావ. "నానూ వస్తానొరే. నీకు బెంగాలీ రాదు కదా" అన్నాడు.

నాకు రోషం పొడుచుకొచ్చింది. టీ కొట్టు దగ్గర 'దాదా, చా దాఓ' అని అడగ్గలిగినవాడికి ఇంకేం రావాలి? "ఎందుకు రాదు? నీకన్నా బాగొచ్చు" అన్నాను. ఆ వెధవ, అంటే నేనే, ఇప్పుడు దొరికితే చెంప పగలగొడతాను.

ఒక్కణ్నే వెళ్లాను. డాక్టరు నా ఛాతీ మీద గొట్టం పెట్టి విని నవ్వాడు. గుండెకేమీ లేదు, భయమేనని చేతులూపి చెప్పాడు. తర్వాత బుగ్గన పాన్ పెట్టుకుని చాలాసేపు మాట్లాడాడు. అందులో నాకు 'దిల్' అర్థమైంది, 'కాలో చాకలేట్' అర్థమైంది, చివరి ముక్క అయితే అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. "ఖాబార్ పొరే ఎక్కువెక్కువ ఖాబే." భోజనమయ్యాక ఎక్కువెక్కువ తిను! బెంగాలీ అంటే సగం తెలుగేనని పొంగిపోయాను.

గోల్‌బజార్‌లో ఆ నల్ల చాక్లెట్టు ఉన్నదంతా కొనుక్కొచ్చాను. కషాయం గడ్డకట్టినట్టుంది. కళ్లు మూసుకుని పూటపూటా నమిలాను.

"డాక్టరు అంత తినమన్నాడేటి?" అంది అక్క అనుమానంగా.

"ఎక్కువన్నాడు. నా సెవులతో నాను ఇన్నాను" అన్నాను.

టెస్టు ముందు రాత్రి రెప్ప పడలేదు. పొద్దున్నకి గుండె స్టీమింజనులా కొట్టుకుంటోంది, కడుపులో ఏదో షంటింగు జరుగుతోంది. మందు చాలలేదనుకున్నాను! ఇంకో పెద్ద బిళ్ల వెనక జేబులో పెట్టుకుని వెళ్లాను. ఎండాకాలం. నా వంతు వచ్చేదాకా, కాలిపోతున్న ఇనపపెట్టె మీద కూర్చున్నాను.

వంతు వచ్చింది. వైసులో ఇనపముక్క బిగించి వంగానో లేదో, వెనక కిసకిసలు. మా శ్రీకాకుళం వైపువాడే అయిన ఫోర్‌మన్ ముక్కు మీద రుమాలు పెట్టుకున్నాడు.

"ఏట్రా అది?"

తడిమి చూసుకున్నాను. బిళ్ల కరిగి, ఖాకీ ప్యాంటు వెనకంతా నల్లగా, మోకాలిదాకా కారింది. వాళ్లేమనుకున్నారో మీకు వేరే చెప్పాలా? నాకు మండిపోయింది.

"సాకలెట్టు బాబూ. నమ్మకపోతే నాకి సూడండి."

షాపులో సుత్తులన్నీ ఆగిపోయాయి. ఫోర్‌మన్ నోరు తెరిచేలోగా నా కడుపు తెరుచుకుంది. పాయిఖానాకేసి పరుగెత్తాను. ఆ పరుగుతో, చాక్లెట్టేనని నమ్మబోయినవాళ్లు కూడా నమ్మడం మానేశారు. తిరిగొచ్చేసరికి టెస్టు అయిపోయింది, నేను ఫెయిలు.

సాయంత్రం బావను వెంటేసుకుని డాక్టరు మీదకి వెళ్లాను. తెలుగులో ఉన్నన్ని తిట్లు తిట్టాను. ఆయన బిత్తరపోయి, సంగతేమిటని బావనడిగాడు. విన్నాక లేచి వెళ్లి పాన్ ఉమ్మేసి వచ్చి, మొదటిసారి ఖాళీ నోటితో చెప్పాడు.

"ఆమి బోలేఛి, ఎక్టు ఎక్టు."

"ఏటంతన్నాడు బావా?"

బావ తల పట్టుకున్నాడు. "ఎక్టు అంటే కూసింతరా, ఎదవా. కూసింత కూసింత తినమన్నాడు."

చెప్పండి, ఇదేం న్యాయం? మనకి ఎక్కువైనది వాళ్లకి కొంచెమా? ఆ కోపంతోనే ఏడాదంతా ఇనుము మోశాను. మరుసటి టెస్టునాడు డాక్టరు తన చేత్తోనే గోరంత ముక్క విరిచి నా నోట్లో పెట్టాడు. ఏ వణుకూ లేదు. నెగ్గాను. మందు మంచిదేనని ఒప్పుకోవలసి రావడం నాకు అన్నిటికన్నా పెద్ద మంట. అది చాలదన్నట్టు, పాసని చెప్పేముందు ఫోర్‌మన్ అందరి ముందూ నన్ను వెనక్కి తిరగమని, ప్యాంటు పరీక్షగా చూసి, అప్పుడు చెప్పాడు.

కనుక ఆ విసిరికొట్టిన పేపరు సాక్షిగా, మా ఆవిడ సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నల్ల చాక్లెట్టు తింటే ఎక్టు మాత్రమే తింటాను, నిలబడే తింటాను, అదీ వెనక జేబు లేని పంచె కట్టుకుని తింటాను.