ఏం గాదన్న ఆసామి

తర్లగూడ దగ్గర మేం కూలికి పోయిన మిరప తోట ఆసామిది ఒకటే మాట. తెలుగువాళ్లం అడిగితే "ఏం గాదు", హిందీ మాట్లాడే కూలీలు అడిగితే "కుఛ్ నహీ హోగా". ఆ మాట ఎక్కడ విన్నా ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతుంది.

పొద్దున పురుగుమందు కొట్టించిన సాళ్లలోకే మధ్యాహ్నం మమ్మల్ని కాయ ఏరడానికి దింపేవాడు. కళ్లు మండుతున్నాయన్నా, తల తిరుగుతోందన్నా ఈగను తోలినట్టు చెయ్యి ఊపి అదే మాట అనేవాడు.

అప్పుడు నేను చంటిపిల్ల తల్లిని. పిల్లను గట్టు మీద చీర ఉయ్యాలలో వేసి కాయ ఏరేదాన్ని. ఒకరోజు ఆయన పాడి ఆవు తాడు తెంపుకుని వచ్చి మా సాళ్ల పక్కన గడ్డిలో మూతి పెట్టింది. ఎన్నడూ నడక వేగం పెంచని మనిషి పంచె ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చాడు. దాని నోట్లో వేళ్లు పెట్టి గడ్డి లాగి పారేశాడు.

"కండ్లు కనవడ్తలేవా మీకు? మందు పడ్డ గడ్డి అది. పాలల్లకు దిగుతది. ఇంట్ల మనుమడు తాగుతడు," అని మా మీద అరిచాడు.

అంటే తెలుసు. ఇన్నాళ్లూ తెలిసే చెయ్యి ఊపాడు.

నా రవిక అప్పటికే పాలతో తడిసి ఉంది. చేతులు మందుతో జిడ్డుగా ఉన్నాయి.

"మరి నా పాలల్లకు దిగదా పటేలా?" అన్నాను.

ఆయన నన్ను చూశాడు, ఉయ్యాలను చూశాడు. ఆ ఒక్కసారే "ఏం గాదు" అనలేదు. ఆవును నీడకు తోలుకుపోతూ అన్నాడు:

"రేపటి సంది పిల్లను తోటకు తేకు."