విడవని పట్టు

బాగేపల్లిలో ఒక హైస్కూల్లో నేను సైన్సు టీచర్ని. మిట్టేమరి దగ్గర మా టమాటా తోటలో కోతులు వరసగా రెండు పంటలు నాశనం చేశాయి. మూడో పంటకు మా ఆయన కంచెకు కరెంటు తీగ కట్టాడు. నేను వద్దనలేదు.

ఒక ఉదయం ఆ తీగ తగిలి ఒక తల్లికోతి చచ్చి కింద పడింది. దూరంగా పడిన దాని పిల్ల పాక్కుంటూ వచ్చి తల్లి రొమ్ము మీది బొచ్చు పట్టుకుంది. కరెంటు ఆపాక నేను దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. ఆ గోళ్ళు, అరచేతిలో గీతలు అచ్చం మా పాప చేతిలాగే ఉన్నాయి. విడిపించిన చెయ్యి వెంటనే నా వేలు పట్టుకుంది. పుట్టిన బిడ్డ వేలు పట్టుకోవడం మన పూర్వీకులు తల్లి బొచ్చు పట్టుకుని బతికిన కాలపు అలవాటని నేనే తరగతిలో చెప్పేదాన్ని.

ఇంటికి తెచ్చి దూదితో ఆవుపాలు పట్టాను. అది పెదవి కూడా తెరవలేదు.

“వదిలెయ్యమ్మా, అది బతికేట్లు లేదు,” అంది మా అత్త.

“యాడ వదలాల అత్తా? వాళ్ళమ్మను మనమే చంపితిమి కదా.”



రెండో రోజు మధ్యాహ్నం పిల్ల కూడా పోయింది. దాని పిడికిట్లో నా చీర కొంగు ఉండిపోయింది. ఎంత ప్రయత్నించినా రాలేదు. కొంగు కత్తిరించి, ఆ ముక్కతోనే పాతిపెట్టాము.

మా ఆయన తీగ విప్పేశాడు. ఆ వారమే కోతులు తోటంతా తినేశాయి. మేమిద్దరం గట్టు మీద కూర్చుని చూస్తూ ఉండిపోయాము. అదిలించడానికి నోరు రాలేదు.