మూడు పేర్లున్న ఓబులేసు కోసం మార్కాపురం దాకా

నేను గిద్దలూరులో బండెక్కింది ఊళ్లు చూడాలన్న సరదాతో కాదు. ఓబులేసు నేను పాఠాలు చెప్పే బడిలో చదువుకున్నవాడు. వానలు లేని ఏడు ఒక రైతు గొర్రెను తోలుకుపోయి జైలు పాలయ్యాడు. ఇప్పుడేదో కొత్త పద్ధతి వచ్చిందట. బయటికొస్తే ఖైదీ మళ్లీ దొంగతనం చేస్తాడా లేదా అని ముందే లెక్కగడతారట, చెయ్యడని తేలితే గడువుకు ముందే వదులుతారట. ఆ లెక్క కోసం ఇంటివాళ్లను పిలిపిస్తే, వాళ్లమ్మ సువార్తమ్మను వెంటబెట్టుకుని నేను బయలుదేరాను.

పొద్దుటి బండికి మూడో తరగతి చార్జీ అణాల్లోనే తేలిపోతుంది, కూర్చోవడానికి చోటు దొరకడమే గొప్ప. కంభం దాటేసరికి పెట్టెంతా ఎండ. మార్కాపురం రోడ్డు అని స్టేషనుకు పేరేగాని ఊరు అక్కడ ఉండదు, జట్కా మాట్లాడుకోవాలి. ఆ స్టేషను కట్టినవాళ్లకు ఊరి మీద ఏం కోపమో! మా జట్కా తోలే మస్తాను పని సంగతి విని వెనక్కి తిరిగాడు.

"ఆ దొర కాడ తక్కువ మాట్లాడక్కా. ఏం చెప్పినా తప్పు కింద గీత గీస్తాడంట."

"నా బిడ్డ సంగతి తక్కువ చెప్పేదేంది తమ్ముడా? అన్నీ చెప్తా," అంది సువార్తమ్మ.

కచేరీలో ఆ లెక్క కట్టే అధికారి మమ్మల్ని మర్యాదగానే కూర్చోబెట్టాడు. ప్రశ్నల కాగితం ముందు పెట్టుకుని, ఏడాదంతా ఊళ్లోనే ఉంటారా అని అడిగాడు.

"యాడుంటాం సామీ? కోతలకు దర్శి పక్కకు పోతాం."

ఒక గీత పడింది.

"మీవాడికి వేరే పేర్లున్నాయా?"

సువార్తమ్మ మొహం వెలిగిపోయింది. "ఉండాయి సామీ! చర్చిలో పాదిరయ్య పెట్టినాడు యోహానని. వాళ్ల నాయన తన నాయన పేరు పెట్టుకున్యాడు, ఓబులేసని. నేను మాత్రం చిన్నయ్యా అనే పిలుస్తా."

గీత మీద గీత. నేను ఉండబట్టలేక, కిరస్తానీ ఇళ్లలో బాప్తిస్మం పేరొకటి, పెద్దల పేరొకటి ఉండటం ఇక్కడ మామూలేనని చెప్పాను.

"నాకూ తెలుసు మాస్టారూ. కానీ ఇందులో ఆచారానికి గడి లేదు, మారుపేర్లకే ఉంది," అన్నాడాయన. తర్వాత నా వైపు తిరిగి ఇంగ్లీషులో తేల్చేశాడు: మళ్లీ నేరం చేసే మనిషే, పూర్తి గడువు లోపలే ఉండాలి.

బయటికొస్తూ తలుపు మీద ఆయన పేరున్న బోర్డు చదివాను. ఇంటిపేరు, పెట్టిన పేరు, కులం తోక, సర్కారు వారిచ్చిన బిరుదు. ఆయన ఊళ్లు మారితే బదిలీ, మావాళ్లు మారితే దేశద్రిమ్మరితనం! ఒళ్లు మండిపోయింది.

జట్కాలో సువార్తమ్మ సద్దిమూట విప్పి నా చేతిలో ముద్ద పెట్టింది. "బాగ చెప్పినా కదా అయ్యవారూ? ఎప్పుడొస్తాడు?"

చెప్పక తప్పలేదు. రాడని, ఎందుకు రాడో కూడా చెప్పాను. ఆమె మూట కట్టేసింది. స్టేషను కనబడుతుండగా నా వైపు తిరిగింది.

"అట్లయితే ఏ పేరు తీసెయ్యమంటాడు అయ్యవారూ?"

గొర్రెను తోలుకుపోయినందుకు వాడికి పడిన శిక్ష న్యాయమే అనుకుందాం. ఇంకా చెయ్యని దొంగతనానికి, అదీ తల్లి పిలిచే పిలుపును సాక్ష్యం చేసుకుని శిక్ష వెయ్యడం ఏం చదువో నాకు అంతుబట్టలేదు. మీలో ఎవరికైనా ఇదే పని పడితే పొద్దుటి బండికే వెళ్లండి, తర్వాతి బండికైతే ఎండ ఇంకా ఎక్కువ. మీ వెంట వచ్చే తల్లికి దారిలోనే నేర్పండి, కొడుక్కి ఒక్కటే పేరని చెప్పమనండి. ముద్దుపేరు ఇంట్లోనే వదిలి రమ్మనండి.