దెబ్బకు ముందొక గుటక

వీడియో గేము ముగిశాక తెర మీద కింది నుంచి పైకి పాకే పేర్ల జాబితా తాలూకు ముసాయిదా ఒకటి నా దగ్గర ఉంది. అందులో నూట ఎనభై మూడు పేర్లున్నాయి. కాఫీ యంత్రం బాగుచేసినతని పేరుంది. కుర్చీలు పంపిన దుకాణం పేరుంది. కార్యాలయంలో పూలకుండీలకు నీళ్ళు పోసే ఆవిడ పేరుంది. ఉండవలసిందే, నాకు అభ్యంతరం లేదు. లేనిదల్లా ఆ ఆటలో పడిన ప్రతి దెబ్బకూ, వేసిన ప్రతి అడుగుకూ, కూలిన ప్రతి గోడకూ చప్పుడు చేసిపెట్టిన మనిషి పేరు. ఆమె నా చెల్లెలి కూతురు.

పేరు లేకపోతే ఏం పోయిందని అడిగేవాళ్ళు ఉంటారు. ఆ వృత్తిలో పట్టాలు చూడరు, సిఫారసు ఉత్తరాలు చదవరు. ఏ ఆట చివర నీ పేరుంది అని ఒక్క మాట అడుగుతారు. పేరు లేకపోతే, ఆ ఆట కోసం పనిచేసిన నాలుగేళ్ళూ ఆమె ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నట్టే.

ఇంట్లో ఆమెను చప్పుళ్ళమ్మ అంటాం. ఎనిమిదేళ్ళ వయసులోనే, నేను మెట్లెక్కుతుండగా లోపలి గదిలోంచి "మామయ్య ఎడమ చెప్పు అరిగిపోయింది" అని ప్రకటించింది. విప్పి చూస్తే నిజమే. "దీనికి చెవులు కావురా అన్నయ్యా, చేటలు" అని మా చెల్లెలు తల పట్టుకునేది. చదువయ్యాక ఇనుప బీరువాలు చేసే కర్మాగారంలో చేరింది. అక్కడ ఆమె పని వినడానికి హాస్యంగా ఉంటుంది గాని, ఆ కర్మాగారం బతికింది దాని మీదే. బీరువా కొనేవాడు రేకు మందం కొలవడు. తలుపు మూసి వింటాడు. తలుపు గలగలమంటే పక్క దుకాణానికి పోతాడు. ఈమె ఏ మూల ఎంత నార కుక్కాలో, ఎక్కడ రబ్బరు ముక్క అతకాలో కనిపెట్టి, పలచటి రేకు తలుపు చేత కూడా "ధబ్" అనిపించేది. బరువు ఇనుములో లేదు, వినేవాడి చెవిలో ఉంది అన్న సంగతి ఆరేళ్ళపాటు బీరువాల మధ్య నిలబడి నేర్చుకుంది. సాయంత్రాలు శబ్దాలు కలిపే విద్య నేర్చి, ఆ తరువాత వీడియో గేములు తయారుచేసే సంస్థలో ప్రవేశించింది.

నాలుగో అంతస్తులో ఆమెకొక గది ఇచ్చారు. గోడల నిండా పరుపుల దూది, నేల మీద గులకరాళ్ళ తొట్టి, తడి గోనెలు, తుప్పుపట్టిన గొలుసులు, పాత తోలు సంచులు, ఓ మూల క్యాబేజీల బుట్ట. ఎముక విరిగిన చప్పుడు కావాలంటే క్యాబేజీని మెలిపెట్టేది. నేను ఒకసారి ఆ గదికి వెళ్ళాను. లోపల నా ఊపిరి నాకే బూతులా వినిపించింది.

ఆమె మీద అధికారి ఒకడు ఉన్నాడు. అందరూ బాస్ అంటారు. "బేస్ పెంచడం తప్ప ఇంకేం తెలీదు మామయ్యా, అందుకే బాస్ అయ్యాడు" అని నవ్వేది. కాని ఆ నవ్వు మొదటి ఏడాదిదే. ఆయన నోట ఒకే మాట ఆడేది: బరువు.

"బరువు చాల్లేదమ్మా."

"ఎక్కడ చాల్లేదు సార్?"

"ఎక్కడంటే... మొత్తం. గుండె అదరాలి. బేస్ పెంచు."

"ఆడేవాళ్ళలో సగం మంది ఫోన్లో ఆడతారు సార్. ఆ వేలెడంత స్పీకర్లో బేస్ పలకనే పలకదు. మీరు పెంచింది మీ గది గోడలకే వినపడుతుంది."

"నాకు పాఠాలు చెప్తున్నావా?"

"లేదు సార్, గోడలకి చెప్తున్నా."

ఆ రోజు నుంచి ఆయన ఆమెను నేరుగా చూడటం మానేశాడు, పక్కచూపే.

బేస్ పెంచకుండా బరువెలా తెచ్చిందో చెప్పాలి, ఎందుకంటే గొడవంతా అక్కడే మొదలైంది. బరువు ఎత్తబోయే మనిషి ఎత్తేముందు ఒక్క గుటక మింగుతాడు. చెవికీ ఆ గుటక ఇవ్వాలన్నది ఆమె పద్ధతి. దెబ్బ పడబోయే ముందు సెకనులో పదో వంతు సేపు గాలి, సంగీతం, పక్షులు సమస్తం ఆగిపోతాయి. వినేవాడికి ఆగినట్టు తెలియదు; లోపల ఏదో జారుతుంది. అప్పుడు దెబ్బ పడుతుంది. దానికి ముందుభాగాన పుల్ల విరిగినట్టు పదునైన చప్పుడొకటి, నడుమ తడి గోనె, అడుగున బరువు, చివర రాళ్ళు దొర్లిన సవ్వడి. ఆ ఖాళీకి ఆమె పెట్టిన పేరే గుటక. తన కంప్యూటరులో కూడా అదే మాట రాసుకునేది.

ఆటలో రాతి రాక్షసుడొకడు కొండ దిగి వస్తాడు. కార్యాలయంలో వాణ్ణి ముద్దుగా బండోడు అంటారు. బండోడి తొలి అడుగు కోసం ఆమె మూడు వారాలు వెతికింది. ఇసుక మూటలు, టైర్లు, మంచం కోళ్ళు, ఏదీ నచ్చలేదు. ఒక మధ్యాహ్నం నేను తపాలా కార్యాలయం నుంచి ఇంటికి వచ్చేసరికి, మా చెక్క నేల గదిలో స్టూలెక్కి నిలబడి ఉంది. నేల మీద మైకు, చేతుల్లో నా అర్జీల కట్ట. నీటి శాఖకు, రోడ్ల శాఖకు, వీధి దీపాలవాళ్ళకు ముప్పై ఎనిమిదేళ్ళుగా నేను రాసిన అర్జీల నకళ్ళు, వచ్చిన జవాబులు, రాని జవాబులకు గుర్తుగా పెట్టిన చీటీలు, అన్నీ గుడ్డలో బిగించి కట్టిన మూట. చూస్తుండగానే వదిలేసింది.

"ఒసేయ్! నా అర్జీలే!" అని అరిచాను.

ఇల్లు అదిరింది. ఆమె కళ్ళు మెరిశాయి. "అబ్బ! మామయ్యా, ఇంకోసారి అలాగే అరువు."

"మతి పోయిందా? దిగు ముందు."

"ముప్పై ఎనిమిదేళ్ళ కోపం కదా మామయ్యా, అంత బరువు ఇసుకలో ఎక్కడొస్తుంది?"

ఆ రోజు పదకొండుసార్లు పడేసింది. పన్నెండోసారి ఎత్తేలోగా కింద వాటాలో ఉండే దర్జీ చీటీ పంపాడు: "అయ్యా, పైన ఏనుగును పెంచుతున్నారా? సూది పక్కకు పోయి రెండు చొక్కాల మెడలు వంకరపోయాయి. ఇట్లు, కిందివాడు." తేదీ కూడా వేశాడు. మర్యాద తెలిసిన మనిషి. ఆ చీటీని అదే కట్టలో చేర్చాను.

చివర ఒక గర్జనతో సహా అడుగు తయారైంది. బాస్ విని, ముందున్న గుటకను చూసి ముఖం చిట్లించాడు. "దెబ్బకు ముందు ఖాళీ వచ్చింది. పొరపాటులా ఉంది. తీసేయించాను" అని ఆమెకు మెయిలు పంపాడు. తీసేస్తే బండోడు రబ్బరు చెప్పులేసుకుని నడిచినట్టుందని ఆట పరీక్షించేవాళ్ళు నవ్వారు. పన్నెండు రోజుల తరువాత గుటక మళ్ళీ దాని చోటికి వచ్చింది. అదే రోజు యజమానులకు ఆయన రాసిన లేఖలో ఈ వాక్యం ఉంది: "దెబ్బకు ముందు నేను ప్రవేశపెట్టిన నిశ్శబ్దం అందరి మెప్పూ పొందింది." ఈ రెండు కాగితాల నడుమ పన్నెండు రోజుల దూరం ఉంది, సిగ్గుకు చోటు లేదు. రెండూ అచ్చుతీయించి నాకు తెచ్చి ఇచ్చింది. "దాచు మామయ్యా" అంది.

ఆ తరువాతే ఆ జాబితా వచ్చింది. శబ్దాల కింద ఒకే పేరు, ఆయనది. అడిగితే, ఆమె చప్పుళ్ళు పోగుచేసి అందించిందే తప్ప రూపకల్పన తనదేనన్నాడు. బండోడి అడుగు సంస్థ కొన్న శబ్దాల భాండాగారంలోంచి మూడు పొరలు తీసి తానే కలిపానన్నాడు. ఉద్యోగుల వ్యవహారాలు చూసే మేనేజరమ్మ విచారణ పెట్టింది. సాక్షిగా నేను వెళ్ళాను.

గేటు దగ్గర కాపలా అతను నా సంచి ఎత్తి చూశాడు. "ఏంటి తాతా, ఇంత బరువుంది?"

"మీ బాసుకి బరువు కావాలట నాయనా."

గాజు గోడల గది. పొడుగాటి బల్ల. బాస్ నా వైపు చూసి, "కుటుంబ సమేతంగా వచ్చారా?" అన్నాడు. ఆయన రాసిన రెండు కాగితాలూ ముందు పెడితే, తీయించిందీ తానే, బాగుచేసి తిరిగి పెట్టిందీ తానేనన్నాడు. నేను దర్జీ చీటీ బల్ల మీద పెట్టాను. ఆయన చదివి నవ్వాడు. "టైలర్ చీటీ సాక్ష్యమా? మేడమ్, మనం ఇక్కడ పని చేస్తున్నామా, నాటకమాడుతున్నామా?"

మేనేజరమ్మ కూడా ఇబ్బందిగా కదిలింది. "ఏనుగు అని రాస్తే ఇదే శబ్దమని ఎలా అనుకోమంటారండీ?"

అప్పుడు నా మేనకోడలు లేచింది. "సార్, తొలి అడుగు చివర గర్జన ఉంది కదా, అదీ మీదేనా?"

"నాదే. గుహలో గాలి శబ్దం. లైబ్రరీలోది."

"మీరే కలిపారా?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా? నేనే."

"అయితే మేడమ్, ఆ గర్జనని నాలుగింతలు వేగంగా వినిపిస్తారా?"

బాస్ ముఖంలో అనుమానం కూడా లేదు. ఆయన ఆ పని ఎన్నడూ చేసి ఉండడు. చప్పుడును విప్పి చూసే అలవాటు, దాన్ని కట్టినవాళ్ళకే ఉంటుంది. మేనేజరమ్మ మీట నొక్కింది. కొండలు మూలిగినట్టున్న ఆ గర్జన చిక్కబడి, సన్నబడి, గాజు గది మధ్యలో నా గొంతుతో గట్టిగా పలికింది:

"ఒసేయ్! నా అర్జీలే!"

గదిలో గుటక పడింది. సెకనులో పదో వంతు కాదు, చాలా పెద్దది.

"గుహలో గాలికి మా మామయ్య అర్జీల సంగతి ఎలా తెలిసింది సార్?" అంది.

ఇంతటితో న్యాయం జరిగిందనుకుంటే ఆ సంస్థ గురించి మీకు తెలియదు. నాలుగో రోజున నాకొక పత్రం వచ్చింది. నా గొంతు నా అనుమతి లేకుండా ఆటలో వాడినందున, విడుదలకు నా సంతకం అవసరమట. ఎటువంటి షరతులూ లేకుండా సంతకం చేసి పంపగలరట. ఆమె పేరు ఊసే లేదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా సంతకాల కోసం నేను కిటికీల ముందు నిలబడ్డాను. నా సంతకం కోసం ఒకరు నిలబడటం అదే మొదలు. శబ్ద రూపకల్పన అన్న శీర్షిక కింద నా మేనకోడలి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా అచ్చయిన జాబితా చేతికందిన మరుక్షణం సంతకం చేయగలనని జవాబు రాశాను. మొదట "సహకారం" అని వేసి పంపారు. ఎర్రసిరాతో కొట్టివేసి తిప్పి పంపాను. తరువాత "ప్రత్యేక కృతజ్ఞతలు" అన్నారు. అదీ తిప్పి పంపాను.

"అన్నయ్యా, ఇంక చాల్లేరా, దాని ఉద్యోగం ఊడుతుంది" అని మా చెల్లెలు కంగారుపడింది.

"ఊడనీ అమ్మా," అంది చప్పుళ్ళమ్మ. "పేరు లేని ఉద్యోగం ఉంటే ఎంత, ఊడితే ఎంత?"

మూడోసారి సరిగ్గా వచ్చింది. సంతకం చేశాను. ఆమె అదే వారం రాజీనామా ఇచ్చింది. చివరి రోజున వరండాలో బాస్ ఎదురుపడి, "ఒక్క పేరు కోసం ఇంత రచ్చా?" అన్నాడట. "ఒక్క పేరే కదా సార్, మొదటే వేసుంటే గుటకలో అయిపోయేది" అని వచ్చేసింది. ఆయన మాట అంటారా, ఆయనకు పై పదవి ఇచ్చారు.

జాబితా ఇప్పుడు నా కట్టలో ఉంది. నూట ఎనభై నాలుగు పేర్లు. ఆమె శీర్షికను తీసుకుపోయి అన్నిటికన్నా అడుగున, కుండీలకు నీళ్ళు పోసే ఆవిడ తరువాత పడేశారు. ఆ ఇద్దరికీ మధ్య ఒక వరుస ఖాళీగా ఉంది. నేను ఎర్రసిరా కలం తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, ఆ ఖాళీ వంక చూసి చాలా రోజుల తరువాత నవ్వింది.

"ఉంచు మామయ్యా. గుటక పెట్టారు."

ఆ పొరపాటు మీద నేను అర్జీ రాయలేదు.