పులిగుట్ట ఎవరి పేరు మీద ఉంది

నిన్న బ్యాంకులో నా ముందున్న ముసలాయన వేలిముద్ర వేస్తుంటే ఊదారంగు ఇంకు వాసన ముక్కుకి తగిలింది. ఆ వాసన వస్తే నాకు నరహరి సార్ గుర్తొస్తారు. ఆయన చొక్కా జేబు మీద ఎప్పుడూ ఆ రంగు మరక ఉండేది. భద్రాచలం బస్టాండు వెనక సందులో ఆయనకొక కంప్యూటర్ షాపు ఉండేది. అంతకుముందు చాలా ఏళ్ళు దస్తావేజులు రాశారు. కాగితాలన్నీ కంప్యూటర్లోకి పోయాక ఆయనా వాటి వెనకే పోయారు. డిగ్రీ అయిపోయి జూలూరుపాడులో ఖాళీగా కూర్చున్న నన్ను పనిలో పెట్టుకున్నారు. దరఖాస్తులు నింపడం, చిన్న చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేసిపెట్టడం మా పని.

సార్‌కి ఒక చాదస్తం ఉండేది. వెబ్‌సైట్ పేరు రిజిస్టర్ చేసే ముందు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, వివరాలన్నీ పొలం సరిహద్దులు చదివినట్టు పైకి చదివేవారు. పేరు ఎవరి మీద, ఫోన్ ఎవరిది, మెయిల్ ఎవరిది. ఒకసారి బట్టల షాపాయన నవ్వాడు. "ఇదేమన్న భూమా సార్, గింత హడావుడి?" సార్ నవ్వలేదు. "భూమైతే నువ్వు దున్నుతున్నవని ఊరోళ్లన్న చెప్తరు. దీనికి ఈ ఓనర్ గడి ఒక్కటే సాక్ష్యం" అన్నారు. నేను లోలోపల విసుక్కునేదాన్ని. రెండు నిమిషాల పనికి అరగంట పట్టేది మరి!

ఒకరోజు సార్ దవాఖానాకి వెళ్ళారు. షాపులో నేనొక్కదాన్నే. అడవి లోపలి కోయగూడెం నుంచి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. తేనె, ఇప్పపువ్వు లడ్డూలు అమ్ముకునే సంఘం వాళ్ళది. సంఘం పెద్ద పేరు సోమమ్మ. వాళ్ళ దగ్గర తేనె కొనే వ్యాపారి కూడా వెంట వచ్చాడు. పేరు దగ్గరే గంట గడిచింది. భద్రాద్రి అని ఉంటే గిరాకీ బాగుంటుందని వ్యాపారి పట్టు. సోమమ్మ ఒప్పుకోలేదు. "తేనె మా గుట్టది. గుట్ట పేరే పెట్టాలె" అంది. పులిగుట్ట అని కొట్టి చూశాను. ఎవరూ తీసుకోలేదు. నలుగురూ తెర మీదికి వంగి చూసుకున్నారు. ఒకామె ఆ అక్షరాలని వేలితో తాకింది కూడా.

ఓనర్ వివరాల దగ్గర ఆగాను. వీళ్ళకి మెయిల్ ఎక్కడుంటుందిలే అనుకున్నాను. వ్యాపారి అందుకున్నాడు. "నాది కొట్టమ్మా, ఎవలదైతే ఏంది? జల్దీ కానియ్, బస్సు పోతది." కొట్టాను. ఆయన పేరు, ఆయన ఫోన్, ఆయన మెయిల్. అందరూ సంతోషంగా వెళ్ళిపోయారు. సార్ లేకుండా నేను చేసిన మొదటి పేరు అది. నాకూ గొప్పగానే అనిపించింది.

సాయంత్రం సార్ వచ్చి ఆ రసీదు చూశారు. తిడతారనుకున్నాను. తిట్టకుండా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తర్వాత వ్యాపారికి ఫోన్ చేసి, పేరు సోమమ్మ మీదికి మారుస్తున్నామనీ, మెయిల్ వస్తే ఒప్పుకున్నట్టు నొక్కమనీ చెప్పారు. "నా మీద గంత నమ్మకం లేదా సార్?" అని అవతలి మాట నాకూ వినిపించింది. మెయిల్ వెళ్ళింది. ఆయన నొక్కలేదు. నెల తిరిగేసరికి అసలు సంగతి బయటపడింది. తేనె తనకు తప్ప ఇంకెవరికీ అమ్మబోమని వాళ్ళు రాసిస్తే అప్పుడు చూద్దామన్నాడు.

సార్ నన్ను వెంటబెట్టుకుని గూడేనికి బయలుదేరారు. బస్సు దిగి నడుస్తుండగా చెప్పారు. "ఈ సోమమ్మ నాయినకు వాగు పక్కన భూమి ఉండె. ఒకాయన వచ్చి దాన్ని తనకు అమ్మినట్టు తెల్లకాయితం మీద రాయమన్నడు. ముసలాయన నా ఎదురుంగనే కూసున్నడు. ఏం రాస్తున్ననో ఆయనకు చదివి చెప్పలే. వేలు పట్టి ముద్ర ఏయించిన. భూమి పాయె. అప్పటి సంది చదువుతున్న బిడ్డా."

"ఆమెకు తెలుసా సార్?"

"తెలుసు."

సోమమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని జరిగింది నేనే చెప్పాను. మీకు మెయిల్ ఉండదనుకున్నానని కూడా చెప్పాను. ఆమె సంచిలోంచి ఫోన్ తీసింది. "మా మనుమరాలు మెయిల్ పెట్టిచ్చింది గద. సంఘం మెసేజిలన్నీ దీనికే వస్తయి. నేను నీ పక్కనే కూసుంటిని. నన్నెందుకు అడగలే?"

ఆమె మెయిల్ అడిగి కాగితం మీద రాసుకున్నాను. సార్ తలెత్తలేదు.

పులిగుట్ట తిరిగి రాలేదు. అదే అరుగు మీద సంఘానికి ఇంకో పేరు రిజిస్టర్ చేశాం. సార్ ఒక్కో వివరం చదువుతుంటే సోమమ్మ ఒక్కోదానికీ "అవ్" అంది. తిరిగొస్తూ నేను ఏడ్చాను. ఈ తప్పు ఎట్లా పోతుంది సార్ అని అడిగాను. "పోదు. నాది పోయిందా? ఇగ నువ్వు గూడ చదువుతవ్" అన్నారు.

సార్ పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఖమ్మంలో నాకో షాపు ఉంది. ఎవరైనా పేరు కోసం వస్తే అన్నీ పైకి చదువుతాను. వెంట వచ్చిన పెద్దమనిషి అందుకోబోతే ఆపి, మాట్లాడకుండా కూర్చున్న ఆమెనే ఫోన్ నంబర్ అడుగుతాను. కొందరు నేను ఇంకెవరినో అడుగుతున్నాననుకుని వెనక్కి తిరిగి చూస్తారు. మళ్ళీ అడుగుతాను. పని తక్కువున్న రోజు పులిగుట్ట అని కొట్టి చూస్తుంటాను. ఆ వ్యాపారి ఫోటో, పక్కన సీసాలు, కింద ఆయన పేరు వస్తాయి. ఆ పేరు అక్షరం పొల్లుపోకుండా కొట్టింది నేనే.