ముప్పై ఏడో నంబరు గులాబీ

నర్సరీలో ఆమెను అందరూ చాకు పిన్ని అనేవారు. అంటు కట్టే చాకు ఎప్పుడూ జేబులోనే ఉంటుంది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరు, నోటి పదునుకి వచ్చిందని కొందరు. రెండూ నిజమే. పంతొమ్మిదో ఏట పనిలో చేరింది. అడవి గులాబీ మొదలు దగ్గర బెరడు మీద గాటు పెట్టడం, మంచి రకం కొమ్మ నుంచి తీసిన కన్నును, అంటే చిగురు మొగ్గను, అందులోకి దూర్చడం, పైన నాడా చుట్టడం. రోజుకు నాలుగు వందలు కట్టేది. నూటికి తొంభై అయిదు బతికేవి. మిగతావాళ్లు డెబ్బై బతికితే సంతోషించేవారు.

అయితే ఆమె మనసు అంటుల మీద లేదు. అంటు అంటే ఉన్నదాన్నే మళ్లీ చేయడం. ఆమెకు లేనిదాన్ని పుట్టించాలని ఉండేది. గులాబీ చెట్టంటే మనిషెత్తు పెరిగి, కింద బోడి కాళ్లూ పైన నాలుగు పువ్వులూ. ఆమె ఉండే అద్దె ఇంట్లో కిటికీ అరుగు జానెడు. అలాంటి ఇళ్లలో పెట్టుకునే పొట్టి రకాలు లేకపోలేదు. కానీ వాటికి వాసన ఉండదు. మోకాలెత్తు దాటకుండా, గుబురుగా, గది నిండా వాసన వేసే మొక్క ఎందుకు ఉండకూడదు అనుకుంది.

షేడ్‌నెట్ చివర పారేసిన కుండీలు తెచ్చుకుని మొదలుపెట్టింది. ఉదయం తొమ్మిది లోపే, మొగ్గ విచ్చుకోకముందే, రెక్కలు తీసేసి లోపలి కేసరాలు గిల్లేయాలి. లేకపోతే పువ్వు తన పుప్పొడి తానే రాల్చుకుంటుంది. మర్నాడు వాసన గల చెట్టు పుప్పొడిని పొట్టి చెట్టు పువ్వుకి కుంచెతో అద్ది, కాగితం సంచి కట్టి, చీటీ వేలాడదీయాలి. కాయ పండడానికి నాలుగు నెలలు. గింజల్ని తడి కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో రెండు నెలలు చలి తినిపిస్తే గానీ మొలవవు. మూడు వందలు మొలిస్తే రెండు వందల తొంభై తొమ్మిది చెత్తలోకి పోతాయి.

ఏడేళ్లకు ఆ ఒక్కటీ వచ్చింది. పండిన నారింజ రంగు, మోకాలెత్తు, కుండీ ఉన్న గదిలోకి వెళ్తే ముందు వాసనే పలకరించేది.

సంతోషం పట్టలేక తీసుకెళ్లి యజమానికి చూపించింది. ఆయన ఆ నర్సరీని తండ్రి నుంచి అందుకున్నవాడు. మాట వెన్న. పనివాళ్లందరినీ "అమ్మా" అనీ "నాన్నా" అనీ తప్ప పిలిచేవాడు కాదు. కుండీని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"బంగారం పుట్టించావమ్మా. కొత్త రకంగా రిజిస్ట్రేషన్ చేయించే పనంతా నాకొదిలెయ్. ఆఫీసుల చుట్టూ నువ్వేం తిరుగుతావ్?" అన్నాడు.

ఆమె వదిలేసింది.

ఏడాది తిరిగాక నగరంలో పెద్ద పూల ప్రదర్శన జరిగింది. కుండీలు మోయడానికి ఆమె కూడా వెళ్లింది. తన మొక్కకు బంగారు పతకం వచ్చింది. పక్కన బోర్డు మీద యజమాని కోడలి పేరు మొక్క పేరుగా ఉంది, కింద సృష్టికర్తగా యజమాని పేరు. ఆయన వేదికెక్కి, కళ్లు తుడుచుకుని, ఏడేళ్లు దీనికోసం తిండి మానుకున్నానని చెప్పాడు. సొమ్మొకడిది సోకొకడిది అనే మాట ఆమె చిన్నప్పటి నుంచీ విన్నదే. ఎదురుగా నిలబడి చూడడం మాత్రం అదే మొదలు.

దిగి వచ్చాక ఒక విలేకరి ఫొటో తీస్తూ, మొక్క పట్టుకుని నిలబడ్డ ఆమెను చూపించి అడిగాడు: "ఈవిడెవరండీ?"

"మా దగ్గర నీళ్లు పోసే ఆవిడ," అన్నాడు యజమాని. "కొంచెం పక్కకి జరుగమ్మా, ఫొటోలో పడుతున్నావు."

ఆమె పక్కకి జరిగింది.

ఇంటికొచ్చి చెబితే భర్త అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఆయన సిటీ బస్సు కండక్టరు. టికెట్ లేకుండా ఎక్కినవాణ్ణి కాలరు పట్టి దించే అలవాటు. "రేపే వెళ్లి నలుగుర్లో కడిగెయ్. నేనూ వస్తా."

"కాగితాల మీద ఆయన పేరుంది. నేను అరిస్తే పిచ్చిదంటారు. పని పోతుంది."

"అయితే ఏం చేస్తావే? ఊరుకుంటావా?"

"ఊరుకుంటానని ఎవరన్నారు?" అంది.

మర్నాడు మామూలుగా పనికి వెళ్లింది. నాలుగు వందల అంటులు కట్టింది. నర్సరీలో అందరూ ఆమె ఏదో గొడవ చేస్తుందని రెండు వారాలు ఎదురుచూసి, నిమ్మకు నీరెత్తినట్టుందని విసుక్కుని, మరిచిపోయారు. ఆమె మరిచిపోలేదు. చాకు నూరుకున్న ప్రతి ఉదయం ఆ "కొంచెం పక్కకి" అన్న మాట గుర్తు చేసుకునేది. గుర్తు రాకపోతే కావాలని తెచ్చుకునేది.

ఈసారి నర్సరీలో ఒక్క గింజ కూడా వేయలేదు. మూడో అంతస్తు పైన డాబా మీద, ఖాళీ రంగు డబ్బాల్లో మొదలుపెట్టింది. ఫ్రిజ్ నిండా తడి కాగితపు పొట్లాలు. ఒకసారి కండక్టరు చీకట్లో తడుముకుని వాటిలో ఒక పొట్లాన్ని మిఠాయి అనుకుని నోట్లో వేసుకున్నాడు. "మొలుస్తాయేమో, నీళ్లు తాగకండి," అంది ఆమె. ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత నవ్వు వినిపించింది.

నాలుగో ఏడు రెండు మొక్కలు నిలిచాయి. పదకొండో నంబరు లేత గులాబీ రంగు, చూడ్డానికి సాదా. కానీ వాసన మొదటిదాన్ని మించింది, ఆకుకి మచ్చ లేదు, పెరిగి పెరిగి మోకాలి దగ్గర ఆగింది. ముప్పై ఏడో నంబరు అందగత్తె. కుంకుమ ఎరుపు, లోపల పసుపు, ఏడాది పొడవునా పూత. ఎవరు డబ్బాల మధ్య నిలబడినా చెయ్యి దాని మీదికే వెళ్లేది.

మొక్కకు మూడో వేసవి వచ్చేసరికి ఆ అందగత్తె అసలు రంగు బయటపడింది. మొదట్లోంచి ఒకే ఒక్క కొమ్మ లేచి, నెలన్నరలో ఆమె తల దాటింది. తరవాత ఇంకొకటి. గుబురు మొక్కల్లో ఒక్కొక్కటి ఇలా ఉన్నట్టుండి తీగజాతి బుద్ధి తెచ్చుకుంటుందని ఆమెకు తెలుసు. అదే మొక్క కన్నులతో పది అంటులు కట్టి చూసింది. రెండేళ్లు బుద్ధిగా మోకాలెత్తున ఉండి, మూడో వేసవిలో పదికి పదీ గోడెక్కాయి.

ఇలాంటి మొక్కను ఎవరైనా పీకి పారేస్తారు. ఆమె కూడా పీకబోయింది. పాదులో చెయ్యి పెట్టాక ఆగింది. డబ్బా పక్కనే కూర్చుని అలాగే ఉండిపోయింది. లేచినప్పుడు మొహం తేటగా ఉందని, అది చూస్తే తనకే భయం వేసిందని కండక్టరు తరవాత చెప్పేవాడు.

పొడుగు కొమ్మలన్నీ మొదలంటా కోసేసింది. ఏడాది పాటు లేచిన కొమ్మను లేచినట్టే కోస్తూ వచ్చింది. తర్వాత పూత మీదున్న ముప్పై ఏడును తీసుకెళ్లి నర్సరీలో తాను కూర్చునే బల్ల పక్కన పెట్టింది.

యజమాని మూడో రోజే ఆగాడు. "ఏంటమ్మా ఇది?"

"ఏదో నా పిచ్చి సార్."

"ఎంత ఎత్తు పెరుగుతుంది?"

"ఇప్పటికి ఇంతే. కానీ ఇంకా చూడాలి సార్. కొత్త మొక్కని మూడేళ్లు దాటితే గానీ నమ్మకూడదు. మీకు తెలీనిదేముంది?"

ఒక్క అబద్ధం ఆడలేదు. ఆయన వింటున్నది తన మాటలు కాదని, కళ్లు కొమ్మ మీది కన్నుల్ని లెక్కపెడుతున్నాయని ఆమె చూసింది.

బుధవారం ఆమెకు సెలవు. గురువారం వచ్చేసరికి మొక్కకి నాలుగు కొమ్మలు లేవు. కోసిన చోట బెరడు నలిగి ఉంది. నర్సరీలో అంత మొండి కత్తెర వాడేది ఒక్కరే. ఆమె బల్ల కిందికి వంగి, నాడా వెతుకుతున్నట్టు నటిస్తూ, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఏడాదిలో ఆ కొమ్మలు ఇరవై తల్లి మొక్కలయ్యాయి. అప్పుడు ఆయనే వచ్చాడు. "అమ్మా, దూరం నుంచి ఒక స్నేహితుడు కొత్త రకం కన్నులు పంపాడు. నీ చెయ్యయితే బతుకుతాయి. నాలుగు వేలు కట్టాలి."

కొమ్మల కట్ట బల్ల మీద పెట్టాడు. తన మొక్క ముల్లు తనకు తెలియదా? ఒక్క మాటంటే అప్పుడే ఆగిపోయేది. చాకు తీసింది. నాలుగు వేలు కట్టింది. జీవితంలో అంత శ్రద్ధగా ఎప్పుడూ కట్టలేదు. నూటికి తొంభై ఎనిమిది బతికాయి. ఆఖరి అంటు కట్టిన సాయంత్రమే పని మానేసింది. "మోకాళ్లు నొప్పులు సార్," అంది.

మొక్కలు అమ్మకానికి వచ్చాయి. "మోకాలు దాటదు, మీ మాట దాటదు" అని బస్సుల వెనకాల కూడా బొమ్మలు వేయించాడు. కండక్టరు రోజూ ఆ బొమ్మ వేసిన బస్సులోనే టికెట్లు కొట్టి, ఇంటికొచ్చి, "నీ పగ ఇవాళ ఎనిమిది ట్రిప్పులు తిరిగిందే," అనేవాడు. బాల్కనీల్లో, బ్యాంకుల ముందు, ఆసుపత్రి దారి పొడవునా అదే గులాబీ.

వేసవి వచ్చింది. మొక్కలకు మూడో ఏడు.

బాల్కనీలో పెట్టుకున్నవాళ్ల మొక్క పై వాటా వాళ్ల బట్టల తీగ పట్టుకుంది. బ్యాంకు తలుపు దగ్గర ముల్లు గీరుకుని ఒకాయన చొక్కా చిరిగింది. ఆసుపత్రి వాళ్లు మొత్తం పీకించి, లారీలో వేసి, నర్సరీ గేటు ముందు దించి వెళ్లారు. జనం కుండీలు చంకన పెట్టుకుని వరస కట్టారు.

ఆమె ఇస్త్రీ బట్టలు కట్టుకుని చూడ్డానికి వెళ్లింది. యజమాని ఆమెను చూడగానే జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. గొంతు తగ్గించి, "ఇది ఇలా అవుతుందని నీకు తెలుసు," అన్నాడు.

"ఏది సార్? మీ స్నేహితుడు పంపిందా?"

చుట్టూ ఇరవై మంది చూస్తున్నారు. ఆమె మొక్క అని చెబితే దొంగతనం ఒప్పుకున్నట్టు. చెప్పకపోతే తప్పంతా తనది. తేలు కుట్టిన దొంగ ఎలా ఉంటాడో ఆమె తనివితీరా చూసింది.

"నాకేం తెలుస్తుంది సార్, నీళ్లు పోసేదాన్ని," అంది, అందరికీ వినపడేలా.

ఆనందం గేటు దాకా నిలిచింది. గేటు దగ్గర వరసలో చివరగా ఒక ముసలావిడ మెట్టు మీద కూర్చుని ఉంది. రిటైరైన టీచరు. ఒళ్లో కుండీ, చేతుల నిండా ముల్లు గీతలు.

"నువ్విక్కడ పనిచేసేదానివా అమ్మా? నేనెక్కడ తప్పు చేశానో చెప్తావా? మా ఆయన మంచం మీంచి లేవరు. కిటికీలోంచి ఈ పువ్వు కనపడాలని పెట్టాను. ఇప్పుడు ఆకులే అడ్డం వచ్చి ఆయనకి వీధి కూడా కనపడటం లేదు. కోద్దామంటే ఒద్దంటారు, ప్రాణమున్నది కదా అని."

చాకు పిన్ని ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుంది. నాలుగు వేల అంటులు కడుతున్నప్పుడు ఆమెకు కనపడింది ఒకే ఒక్క మొహం. ఈవిడ మొహం లేదు అందులో.

"మీ తప్పు కాదమ్మా. మొక్కది," అంది. తర్వాత, "మొక్కదీ కాదు," అంది.

టీచరును ఆటోలో ఇంటికి తీసుకెళ్లింది. ఆ ముప్పై ఏడును కోయకుండానే వీధి గోడ పక్క నేలలో పాతి, తీగల్ని గోడ మీదికి తాళ్లతో కట్టింది. సాయంత్రం డాబా మీంచి పదకొండో నంబరు కుండీ తెచ్చి కిటికీలో పెట్టింది. మంచం మీది పెద్దాయన కళ్లు మూసుకుని వాసన పీల్చి, "ఇదెవరు చేశారు?" అని అడిగాడు.

"నేనేనండీ," అంది ఆమె. ఆ మాట పైకి అనడం ఆమెకు అదే మొదటిసారి.

ఆ వేసవంతా అలాగే తిరిగింది. ఎవరి ఇంటి ముందు ముప్పై ఏడు గోడెక్కి కనపడినా తలుపు తట్టి, పదకొండో నంబరు అంటు ఒకటి ఇచ్చి వచ్చేది. అరవై ఇళ్లకు ఇవ్వగలిగింది. మిగతావాళ్లెవరో ఆమెకు తెలియదు. ఆ లెక్క తలుచుకుంటే తల దించుకునేది. యజమాని సంగతి తలుచుకుంటే మాత్రం దించుకునేది కాదు.

వానలు పడ్డాక పదకొండో నంబరును తన పేరు మీద రిజిస్టర్ చేయించింది. ఆఫీసుల చుట్టూ తానే తిరిగింది. అంత కష్టమేం కాదని తెలిసి మరీ మండింది.

చలికాలంలో ఒక మధ్యాహ్నం యజమాని మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు. నర్సరీ సగానికి చిక్కిపోయింది, ఆయనా చిక్కాడు. కండక్టరు కుర్చీ వేశాడు. ఆమె టీ ఇచ్చింది.

"పదకొండు నాకిస్తే నిలబడతానమ్మా," అన్నాడు. "నీ పేరే పెడతాను. బోర్డు మీద పెద్దక్షరాలతో."

"ఇస్తాను సార్. ఒక్కటే అడుగుతా. వచ్చే ప్రదర్శనలో వేదికెక్కి, ఆ నారింజ రంగు గులాబీ ఎవరిదో చెప్పండి."

ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అది జరిగిపోయిన కథ. మా కోడలి పేరుంది దానికి. ఇప్పుడు అలా చెబితే ఇంట్లో, బయట నా మొహం..."

"అవును సార్. మొహమే."

ఆయన లేచాడు. "నువ్వింత పగ పెట్టుకుంటావని అనుకోలేదమ్మా."

"మీరు నా గురించి ఏదైనా అనుకున్నారా అని నాకు ఇన్నాళ్లూ అనుమానమే," అంది ఆమె, తలుపు తీసి పట్టుకుంటూ.

మెట్ల మీద ఆయన అడుగులు వినపడకుండా పోయాక కండక్టరు గ్లాసులు తీస్తూ అడిగాడు: "ఇప్పటికైనా తీరిందా?"

"సగం."

"ఇచ్చేసి ఉంటే ఆ మిగతా సగం కూడా తీరేదేమో."

"ఇచ్చేసి ఉంటే ఉన్న సగం కూడా పోయేది," అని, ఆమె డాబా మీదికి వెళ్లిపోయింది. కొత్తగా మొలిచిన నూట నలభై మొక్కలు మొదటి మొగ్గ వేసి ఉన్నాయి. అందులో ఏవి ఉంచాలో, ఏవి పీకాలో ఆ రోజే తేల్చుకోవాలి. చీటీలు తీసుకుని మొదటి వరస దగ్గర కూర్చుంది.