కానుగ చెట్టు కింద హాజరు

ఎండలు ముదరగానే కానుగ చెట్టు పూత రాలుస్తుంది. మరమరాల సంచి ఒలికిపోయినట్టు నేలంతా తెల్లగా పరుచుకుంటుంది. ఆ వాసన తీపీ కాదు, చేదూ కాదు. మధ్యాహ్నం పూట కిటికీలోంచి వచ్చిందంటే కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. నిన్న కోర్టు హాల్లో నా కేసు వంతు కోసం కూర్చుని ఉండగా ఆ వాసనే వచ్చింది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎవరో వాదిస్తున్నారు, ఆ మాటలు నీళ్ళ అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి. అంతలో వరండాలో బంట్రోతు ఎవరినో పేరు పెట్టి పిలిచాడు. నేను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాను. పిలిచింది నన్ను కాదు. పక్కనున్న జూనియర్లు నవ్వుకున్నారు, నవ్వుకోనీ. వరండాలోంచి పిలుపు వినబడితే నాకు అనసూయమ్మ గారు గుర్తొస్తారు, కాళ్ళు వాటంతటవే లేస్తాయి.

అనసూయమ్మ గారు వనపర్తిలో వకీలు. నేను ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను. గద్వాల, నాగర్‌కర్నూల్, అచ్చంపేట, ఎక్కడ జామీను అడిగే దిక్కు లేని మనిషి ఉన్నాడని తెలిసినా నల్లకోటు మడిచి చేతిసంచిలో పెట్టుకుని ఎర్రబస్సెక్కేవారు. కిటికీ పక్క సీటు నాకివ్వరు. ఎప్పుడూ ఆవిడదే. పొలాలూ రాళ్ళగుట్టలూ వెనక్కి పోతుంటే చూస్తూ చాలాసేపు మాట్లాడేవారు కాదు. నిద్రపోయారేమో అనుకునేదాన్ని. ఉన్నట్టుండి తల తిప్పి, నేను ఎప్పుడో అన్న మాటకు జవాబు చెప్పేవారు.

కోర్టు జామీను ఇచ్చినంత మాత్రాన మనిషి బయటికి రాడు. పూచీ పడటానికి భూమి కాగితాలున్న మనుషులు కావాలి. వాళ్ళను మా దిక్కు జమానతుదార్లు అంటారు. సెంటు భూమి లేని కూలీ కోసం కోర్టు దాకా వచ్చి పూచీ పడే ఆసామి ఎవరుంటారు? అందుకే జామీను ఉత్తర్వు వచ్చాక కూడా జైల్లోనే ఉండిపోయే వాళ్ళుంటారు. చేరిన కొత్తలో, బార్ రూములో అందరూ అనే మాటే నేనూ బస్సులో ఆవిడతో అన్నాను. భూమి లేనివాళ్ళను ఊరికే వదిలితే మళ్ళీ వాయిదాకు రారు కదా మేడం అని. ఆవిడ కిటికీలోంచి చూపు తిప్పకుండానే అడిగారు.

"నువ్వు చూసినవా బిడ్డా, ఇన్నవా?"

"అందరూ అంటుంటారు మేడం."

"అందరు చూసిర్రా?"

దిగాల్సిన ఊరు రాకముందే నన్ను దింపి, పొలాల గట్ల మీదుగా నడిపించారు. ఆ రోజు మొదలు వాయిదా తప్పిన మనుషుల ఇళ్ళు వెతుక్కుంటూ పోయేవాళ్ళం. తిట్టడానికి కాదు, ఎందుకు రాలేదో అడగడానికి. ఒకరి ఇంట్లో చావు. ఒకరికి బస్సు దొరకలేదు. ఒకరు కూలీలను వలస తీసుకుపోయే గుంపుమేస్త్రీతో పనికి పోయి తారీఖు మరిచిపోయారు. ఒకడు మాత్రం నిజంగానే ఊరు విడిచి పారిపోయాడు. ఆ తర్వాత చాలా ఎండాకాలాలు ఇట్లాగే గడిచాయి. వదిలితే ఎవరు తిరిగొస్తున్నారు, ఎవరు రావడం లేదు, ఎందుకు? ఆవిడ తిండి మరిచిపోయి దీన్నే వెతికేవారు. నేనేమో ఆకలితో చిరాకు పడేదాన్ని. ఇప్పుడు ఆ చిరాకు కూడా ముద్దుగానే గుర్తొస్తుంది.

చెన్నయ్య సంగతి ఆ రోజుల్లోదే. ఏ ఊరి కోర్టో చెప్పను. ఆ గేటు, గేటు పక్కన ఆ కానుగ చెట్టు మీకు ఎక్కడైనా కనిపించేవే. చెన్నయ్య కౌలుకు చేసుకునే రైతు. గట్టు తగాదాలో కేసయింది. ముందు వదిలిపెట్టారు కానీ, ఒక వాయిదాకు పిలిస్తే పలకలేదని వారంటు వేశారు. పోలీసులు ఇంటికొచ్చి పట్టుకుపోయారు. అతని భార్య బాలమణి ఒక ఉదయం అనసూయమ్మ గారి అరుగు మీదికొచ్చి కూర్చుంది. చేతులకు ఇంకా ఎర్రమన్ను ఉంది.

"పల్లి పీకుడుకొచ్చిందమ్మా. నేల గట్టివడితే కాయంత మట్టిలనే ఉంటది. ఆయన లేకుంట నేనొక్కదాన్ని ఎట్ల పీకాలె?"

"ఆ దినం వాయిదాకు ఎందుకు పోలేదు మీ ఆయన?"

"పోకపోవుడేందమ్మా! నేను గూడ పోయిన. పొద్దుమూకెదాక ఆడనే ఉంటిమి, కానుగ చెట్టు కింద."

"మరి లోపలికెందుకు పోలేదు?"

బాలమణి ఆవిడ వైపు వింతగా చూసింది. "పిల్వకుంట లోపలికెట్ల పోతమమ్మా?"

మా పల్లెల్లో కూలీ, కౌలు ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ అంతే. ఆసామి ఇంటికి పోయినా, ఆఫీసుకు పోయినా, చెప్పులు విడిచి, బయట నీడ చూసుకుని, పిలుపు కోసం కూర్చుంటారు. అది వాళ్ళ మర్యాద. ఆ మర్యాద పాటించినందుకే చెన్నయ్యకు పరారీ అనే పేరొచ్చింది.

జామీను విచారణ రోజున ఆవిడ నన్ను గేటు దగ్గరే ఆపేశారు. "ఆ చెట్టు కింద కూసో. పేరు పిలిస్తే లోపలికి రా. నిద్రపోకు, చెవులు అటే పెట్టు" అన్నారు. ఎందుకో చెప్పలేదు. చాలామంది పల్లె జనం మధ్య నేనూ కూర్చున్నాను. పూలు రాలి కోటు మీద పడుతున్నాయి. బజార్లో ఆటోలు, పండ్ల బండివాడి మైకు, ఎక్కడో వెల్డింగు చప్పుడు. అన్నీ కలిసి ఒక జోలపాటలా ఉన్నాయి. అయినా చెవులు వరండా వైపే పెట్టి కూర్చున్నాను. బంట్రోతు సాయిలు బయటికి రావడం, నోరు తెరవడం, లోపలికి పోవడం దూరంగా కనిపిస్తూనే ఉంది. కలలో మనుషులు మాట్లాడినట్టే, పెదవులు కదిలాయి, మాట నా దాకా రాలేదు.

లోపల జరిగింది తర్వాత తెలిసింది. చెన్నయ్య ఒకసారి పరారైనవాడు, పూచీ ఇచ్చే వాళ్ళూ లేరు, వదలొద్దని అవతలి వకీలు అన్నాడట. అనసూయమ్మ గారు తాను ఊళ్ళు తిరిగి చూసిందంతా జడ్జిగారికి చెప్పారు. పారిపోయిన ఆ ఒక్కడి సంగతి కూడా దాచలేదు. అవతలి వకీలు నవ్వాడట. చివరికి ఆవిడ ఒకటే కోరారు. నా జూనియర్ పేరు పిలిపించండి సార్, ఆమె కోర్టు ఆవరణలోనే ఉంది అని. సాయిలు మామూలుగా నిలబడే చోటే నిలబడి, మామూలుగానే మూడుసార్లు పిలిచాడు. నేను రాలేదు.

నాకు తెలిసింది మాత్రం ఇంతే. వరండా మెట్ల మీద జడ్జిగారు నిలబడి ఉన్నారు. పక్కన అనసూయమ్మ గారు. నేను గాభరాగా లేచి పూలు దులుపుకున్నాను.

"ఈమె ఎప్పటి నుంచి ఇక్కడుంది?" జడ్జిగారు అడిగారు.

"పొద్దటి సంది ఈడనే ఉంది సార్. మన రికార్డుల మాత్రం పరారీ" అన్నారు అనసూయమ్మ గారు.

సాయిలు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "నా గొంతు చిన్నగుందా మేడం?"

"నీ గొంతు మంచిగనే ఉంది సాయన్నా. బజారే జర పెద్దగుంది."

జడ్జిగారు చాలాసేపు చెట్టు కిందున్న వాళ్ళనే చూశారు. ఆ సాయంత్రమే చెన్నయ్యను సొంత పూచీ మీద వదిలారు. అప్పటి నుంచి ఆ కోర్టులో గేటు దాకా వచ్చి పిలిచి, అప్పటికీ పలకకపోతేనే రాలేదని రాసుకునేవారు. వాయిదా ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేయడం కూడా మొదలైంది. అది మా ఇద్దరి పనే అయింది.

తిరుగు బస్సులో నేను ఉండబట్టలేక అడిగాను. పారిపోయినవాడి సంగతి ఎందుకు చెప్పారు మేడం, కేసు పోతే?

"అదొక్కటి దాస్తే మిగిలినయి ఎవరు నమ్ముతరు బిడ్డా?" అన్నారు. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు.

చెన్నయ్య వాయిదాకు వచ్చాడు, మళ్ళీ ఆ చెట్టు కిందే కూర్చున్నాడు. చేను సగం గట్టిపడినా మిగతా సగం దక్కిందని, ఉడకబెట్టిన పల్లికాయ తువ్వాలులో తెచ్చాడు. అనసూయమ్మ గారు అక్కడే నిలబడి ఒలుచుకుని తిన్నారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిడ లేని బస్సులో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా నేను కూర్చోలేను.

నిన్న బంట్రోతు పిలిచిన పేరుకు ఎవరూ పలకలేదు. ఇది వేరే కోర్టు, వేరే జడ్జి. "రాలేదా?" అంటూ ఆయన పెన్ను తీశారు. ఆ కేసు నాది కాదు. నేను ఎట్లాగూ నిలబడే ఉన్నాను.

"నేను చూసొస్త సార్, ఒక్క నిమిషం" అన్నాను.

బయట ఎండ. గేటు దాకా పోయి ఆ పేరు పిలిచాను. కానుగ నీడలోంచి ఒక ముసలామె చెప్పులు చేత పట్టుకుని లేచింది. ఆమె నెత్తి నిండా పూలే.

"ఉన్న బిడ్డా," అంది. "పొద్దటి సంది ఈడనే ఉన్న."